పాప సాయంత్రం ఎలా నడుస్తోంది?

సంపాదకులు గారికి నమస్కారాలు.

గత ఆదివారం మీ జిల్లా పేజీలో ఒక ఫోటో వేశారు. దివ్యాంగులైన పిల్లలకు ఉపకరణాలు పంచిన కార్యక్రమం అది. ముందు వరసలో చక్రాల కుర్చీలు, వెనక శాలువాలు కప్పుకున్న పెద్దలు. కుడి చివర, ఫోటోలోకి రమ్మని ఎవరూ పిలవని చోట, తల్లి కొంగు పట్టుకుని ఒక ఆడపిల్ల నిలబడి ఉంది. ఏడెనిమిదేళ్ళు ఉంటాయేమో. ఎడమ పాదం లోపలికి మెలిపడి ఉంది. మడమ నేలకు ఆనలేదు, మునివేళ్ళ మీదే నిలబడింది. కార్యక్రమం సాయంత్రం అయిదు గంటలకు మొదలైందని కింద వార్తలో ఉంది. మా ఆవిడ భూతద్దం తెచ్చిస్తే ఆ పాదాన్ని చాలాసేపు చూశాను. ఆ పాప ఎవరో నాకు తెలియదు. అదే రోజు ఉదయం ఆరింటికి ఆ పాప ఎలా నడిచిందో తెలుసుకోవాలని మాత్రం వారం రోజులుగా మనసు పీకుతోంది. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, మన్నించండి.

నేను డాక్టరును కాను. రైల్వేలో గేట్‌మన్‌గా పనిచేసి 2017లో రిటైరయ్యాను. ఉండేది బిట్రగుంటలో. బొగ్గు ఇంజన్ల కాలంలో మా ఊరి లోకో షెడ్డు అంటే రైల్వేవాళ్ళకు ఒక గౌరవం. ఆ వైభవం ఇప్పుడు మా వయసు వాళ్ళ కబుర్లలోనే మిగిలింది. గేట్‌మన్ పని అంటే గేటు వేయడం, పచ్చజెండా చూపడం అనుకుంటారు. అసలు పని రాయడం. స్టేషన్ నుంచి ఫోను వస్తుంది. మాస్టరుగారు బండి నంబరు చెబుతారు, మనం గేటు వేసి, వేశామన్నదానికి గుర్తుగా ప్రైవేటు నంబరు చెబుతాం. గేటు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు వేశాం, బండి ఎప్పుడు దాటింది, గేటు ఎప్పుడు తీశాం, అన్నీ రిజిస్టరులోకి ఎక్కాలి. ఆ అలవాటు రిటైరైనా పోలేదు. పాలవాడు ఆలస్యంగా వస్తే క్యాలెండరు మీద నిమిషాలతో సహా రాస్తానని ఇంట్లో నన్ను వెక్కిరిస్తారు. చివరికి ఆ అలవాటే మా ఇంటికి పనికొచ్చింది.

మా అమ్మాయి కూతురు 2015లో పుట్టింది. కాన్పు మామూలుగా జరిగింది, పుట్టగానే ఏడ్చింది, ఏడాది నిండేసరికి నడిచింది. తర్వాత మేము చూపించిన ప్రతి డాక్టరూ మొదట అడిగింది ఇదే, విని పక్కన పెట్టిందీ ఇదే. కరోనా సద్దుమణిగి 2021 ఆగస్టులో బడులు తెరిచారు. పాప ఒకటో తరగతిలో చేరింది. రెండు నెలలకు టీచరు దగ్గర నుంచి కబురు వచ్చింది. ఉదయం ప్రార్థనకు అందరితో పాటు చక్కగా నిలబడుతుందట, మధ్యాహ్నం నుంచి కాలు ఈడుస్తుందట, ఇంటి గంట కొట్టేసరికి నడవనని మొండికేస్తుందట, గారాబం తగ్గించమన్నారు. మేమూ నమ్మాం. ఇంట్లో కూర్చుని అలవాటైన పిల్ల, బడి అంటే బద్ధకమని నేనే రెండుసార్లు గట్టిగా కసిరాను. పాలవాడి ఆలస్యం రాసుకునే నేను ఆ రెండూ ఎక్కడా రాసుకోలేదు. కానీ మరిచిపోలేదు.

మొదట నిజం చెప్పింది చెప్పులు. కొన్న మూడు నెలలకే ఎడమ చెప్పు బయటి అంచు కాగితంలా అరిగిపోయింది, కుడిది కొత్తదానిలా ఉంది. ఒక చోట కాల్షియం తక్కువన్నారు. ఇంకో చోట మడమ నరం పొట్టిగా ఉంది, పెద్దయ్యాక కోసి సాగదీయాలన్నారు. నూనె మర్దనాలు, ఆకు పసరు కట్లు, దిష్టి తీయడాలు ఎలాగూ ఉన్నాయి. మెదడుకు స్కానింగు తీయించారు. ఏ లోపమూ లేదని వచ్చింది. అయినా చివరికి కాగితం మీద 'సెరిబ్రల్ పాల్సీ' అని రాశారు. అది పుట్టుకకు ముందో, పుట్టేటప్పుడో, పుట్టిన కొత్తలోనో మెదడుకు తగిలిన దెబ్బ వల్ల వచ్చేదట. మరి దెబ్బ ఎక్కడ తగిలిందని అడిగితే కొందరిలో స్కానింగులో కనపడదన్నారు. నిజమే, కొందరిలో కనపడదట. మేము ఇంకేమి అడగగలం?

వికలాంగుల సర్టిఫికెట్ కోసం 2022లో వైద్య శిబిరానికి వెళ్ళాం. తొమ్మిదిన్నరకు చేరుకున్నాం. పాప టోకెన్ల వరస పక్కన ఇంకో పిల్లతో తొక్కుడుబిళ్ళ ఆడుతోంది. అటు వెళుతున్న డాక్టరు ఆగి, "ఈ పిల్లకు ఏమైందని తీసుకొచ్చారు?" అని అడిగారు. నవ్వుతూనే అడిగారు గాని, మా అమ్మాయి తల దించుకుంది. మా టోకెన్ నంబరు 140. పిలుపు వచ్చేసరికి మూడు దాటింది. అప్పటికి మా అల్లుడు పాపను ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళవలసి వచ్చింది. పాదాలు రెండూ కొయ్యలా బిగుసుకుని ఉన్నాయి. చూసిన వెంటనే సర్టిఫికెట్ రాసి ఇచ్చారు. మా టోకెన్ నంబరు 14 అయి ఉంటే దొంగ సర్టిఫికెట్ కోసం వచ్చిన కుటుంబంగా బయటికి వచ్చేవాళ్ళం. వికలాంగులు, దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అని పేర్లు మార్చడంలో మనకు లోటు లేదు. ఒకే మనిషిని ఒకే రోజు రెండుసార్లు చూసే ఏర్పాటు మాత్రం లేదు.

ఆ రోజు రాత్రి పాత గేటు రిజిస్టరు పద్ధతిలోనే ఒక నోటు పుస్తకానికి గీతలు కొట్టాను. సమయం, నడక, పాదం, నిద్ర అని నాలుగు గడులు. ఏడాదికి పైగా రాశాను. అందులో ఒక్క రోజు ఉన్నదున్నట్టు దించుతాను. 2023 నవంబరు 14, బాలల దినోత్సవం.

"ఉ. 5.50 లేచింది. పంపు దాకా పరుగు. 9.40 బడిలో పరుగు పందెం, రెండో స్థానం, బహుమతి పెన్సిల్ డబ్బా. మ. 12.45 ఎడమ మడమ లేస్తోంది. 3.10 రెండు పాదాలూ లోపలికి. సా. 4.50 గేటు దగ్గర కూలబడింది, ఎత్తుకొచ్చాను. 5.30 నిద్ర. 6.50 లేచింది. వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు ముంచుకుని తాగింది. గోడ పట్టుకోలేదు. రా. 8.30 మళ్ళీ బిగిసింది."

'గోడ పట్టుకోలేదు' అన్నది అలవాటు కొద్దీ రాసిన మాట. దాని విలువ నాకు తెలియదు.

2024 ఫిబ్రవరిలో కావలిలో పినాకిని ఎక్కి చెన్నై వెళ్ళాం. మన జిల్లాలో చాలామంది పెద్ద జబ్బంటే వెళ్ళే దారే అది. బండి మధ్యాహ్నానికి చేరుతుంది, కనుక పిల్లల నరాల డాక్టరమ్మ పాపను చూసింది సాయంత్రం. నేను పుస్తకం ముందు పెట్టాను. ఆమెకు తెలుగు చదవడం రాదు. పక్కనున్న నర్సు తడ వైపు అమ్మాయి, పేజీ తిప్పుతూ చదివి వినిపించింది. నీళ్ళు ముంచుకుని తాగిన మాట దగ్గర డాక్టరమ్మ ఆపించి, మళ్ళీ చదివించుకుంది. తర్వాత మందులు రాయలేదు, కొత్త స్కానింగులూ రాయలేదు. ఈ రాత్రికి ఇక్కడే ఉండి రేపు తెల్లవారగానే, పాప లేచిన గంటలోపు తీసుకురండి అంది. మరునాడు ఉదయం ఆ ఆస్పత్రి వరండాలో మా మనవరాలు ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తింది. డాక్టరమ్మ దాన్ని చూసి, నా వైపు తిరిగి, "మీ వైపు ఇలాంటి వాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగింది.

ఉంది. మా చెల్లెలు. అడిగేదాకా నాకు తట్టనే లేదు. ఆమెది పోలియో అని కదా మేము అరవై ఏళ్ళుగా అనుకుంటున్నది!

జబ్బు పేరు డోపా రెస్పాన్సివ్ డిస్టోనియా. దాన్ని మొదట వివరించిన జపాన్ పిల్లల నరాల వైద్యుడు మసాయా సెగావా పేరు మీద సెగావా జబ్బు అని కూడా అంటారు. నాకు అర్థమైనంత వరకు చెబుతాను. కండరాలు మన మాట వినాలంటే మెదడులో డోపమైన్ అనే పదార్థం ఉండాలి. దాన్ని తయారుచేసే పనిలో ఒక జన్యువు లోపం వల్ల ఈ పిల్లలకు చాలినంత తయారు కాదు. మా రైల్వే క్వార్టర్ల మీది ట్యాంకు సంగతి గుర్తుకొచ్చింది. రాత్రంతా సన్నధారగా నిండుతుంది, తెల్లవారి అందరికీ నీళ్ళు వస్తాయి, సాయంత్రానికి కొళాయి బుసకొడుతుంది. నిద్రపోతే కొంత నిండుతుంది, మెలకువగా ఉన్నకొద్దీ ఖర్చవుతుంది. డాక్టరమ్మకు ఈ పోలిక చెబితే పూర్తిగా సరి కాదు గాని పనికొస్తుంది అంది. సాధారణంగా ఆరేళ్ళ వయసు అటూ ఇటూగా ఒక పాదంతో మొదలవుతుంది. ఆడపిల్లల్లో ఎక్కువ. మెదడు స్కానింగు మామూలుగా ఉంటుంది, తెలివికి సాధారణంగా లోటు ఉండదు.

దీనికి మందు లీవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర. వణుకుడు జబ్బు వచ్చిన ముసలివాళ్ళకు ఇచ్చే మాత్రే. మందుల దుకాణంలో "తాతగారికా?" అని అడిగి ఇస్తారు. చిన్నపిల్ల గనుక మాత్రను నాలుగు ముక్కలు చేసి ఒక్క ముక్కతో మొదలుపెట్టమన్నారు. ఆ చిన్న బిళ్ళను నాలుగు చేయడం ఎలా? బ్లేడుతో కోస్తే పొడైపోయింది. మా ఆవిడ అడకత్తెర తెచ్చి, వక్క కత్తిరించినట్టు టక్కున రెండు, మళ్ళీ రెండు చేసింది. మొదటి రెండు రోజులు పాప వాంతి చేసుకుంది. మూడో రోజు నా పుస్తకంలో సాయంత్రం 4.50కి ఎదురుగా రాసినది ఇది: "నడిచి వచ్చింది. సంచి తనే మోసింది." ఆ గడిలో అక్షరాలు వంకరగా ఉన్నాయి. కారణం నా కళ్ళలో నీళ్ళని మీరు అనుకోవచ్చు. అది కొంతే. నాకు ఎక్కువసేపు రాస్తే వేళ్ళు కలం మీద బిగుసుకుపోతాయి. సర్వీసులో ఉన్నప్పటి నుంచీ ఉంది. గేటు చక్రం తిప్పి తిప్పి వచ్చిందనుకున్నాను. డాక్టరమ్మ నాచేత ఒక పేజీ రాయించి చూసి, మీదీ ఆ కొమ్మే తాతగారూ అంది.

రక్తపరీక్షలో అది తేలింది. ఆ లోపం నాలో ఉంది, నా నుంచి మా అమ్మాయికి, అమ్మాయి నుంచి పాపకు వచ్చింది. మా అమ్మాయికి ఏ ఇబ్బందీ లేదు. తల్లిదండ్రుల్లో ఒక్కరిలో ఉన్నా బిడ్డకు రావడానికి సగం అవకాశం ఉంటుందట, వచ్చినవాళ్ళందరికీ జబ్బు బయటపడాలనీ లేదట. ఇక్కడ మా ఇంటి రామాయణం ఒకటి చెప్పాలి. మా అల్లుడు మా ఆవిడకు సొంత అన్న కొడుకు. పాపకు కాలు మెలిపడిన నాటి నుంచి వచ్చినవాళ్ళందరూ అడిగే మొదటి ప్రశ్న "మేనరికమా?" అవునంటే "అదీ సంగతి" అని తల పంకించేవారు. రెండున్నరేళ్ళు మా ఆవిడ ఆ నింద మోసింది. నేను ఆమెను ఏమీ అనలేదు, నిజమే. కానీ ఇంకొకరు అంటుంటే ఆపనూ లేదు. ఈ జబ్బుకు మేనరికంతో పని లేదని, ఇది తాత వైపు నుంచే వచ్చిందని తెలిసిన రోజు ఆమె అడకత్తెరతో మాత్ర కత్తిరిస్తూ, తల ఎత్తకుండా, "మా పుట్టింటివాళ్ళకు ఫోను చేసి మీరే చెప్పండి" అంది. చేశాను.

ఇక మా చెల్లెలు. 1962లో పుట్టింది. అల్లూరు దగ్గర పల్లెలో మా చిన్నతనం. పొద్దున నాతో పాటు గట్ల మీద గెంతుకుంటూ బడికి వచ్చేది, సాయంత్రం నా వీపున ఎక్కి ఇంటికి చేరేది. ఊళ్ళో పోలియో వచ్చిన పిల్లలు ఇంకా ఉన్నారు, కనుక ఈమెదీ అదే అన్నారు. పోలియో కాలు పొద్దున బాగుండి సాయంత్రం చచ్చుబడదు కదా అని ఎవరూ అనలేదు. చదువుకున్న వాళ్ళూ అనలేదు. తెల్లవారుజామున వాకిలి నిండా ముగ్గు వేసేది, రాత్రి అంట్ల దగ్గరికి పాకుతూ వచ్చేది. "ముగ్గుకు వచ్చే కాళ్ళు అంట్లకు రావా?" అని మా అమ్మే అనేది. నాలుగో తరగతితో బడి ఆగిపోయింది. పెళ్ళి కాలేదు. సెగావా గారు ఈ జబ్బు గురించి, దానికి ఈ మందు గురించి జపాన్‌లో రాసింది 1971లో. అప్పటికి మా చెల్లెలికి తొమ్మిదేళ్ళు. ఆ జన్యువును కూడా జపాన్ వాళ్ళే 1994లో పట్టుకున్నారు. అప్పటికి ముప్ఫయి రెండు.

ఆమెకు అరవై రెండో ఏట ఆ మాత్ర మొదలుపెట్టారు. ఇప్పుడెందుకు అన్నా ఈ వయసులో అని వారం రోజులు పేచీ పెట్టింది. ఇన్నేళ్ళు మెలిపడి ఉన్న పాదాల ఎముకలు నిటారు కావు, కాలేదు. ఇప్పటికీ కుంటుతుంది. కానీ మందు మొదలైన రెండో వారంలో ఒక సాయంత్రం దీపాల వేళ ఆమె మంచం ఖాళీగా ఉంది. వెతుక్కుంటూ పెరట్లోకి వెళితే, చీకట్లో కోళ్ళను ఒక్కొక్కటే అదిలించి గంప కింద మూస్తోంది. గంప మీద రాయి పెట్టి, నడుము మీద చేతులు వేసుకుని నిలబడింది. "ఇన్ని కోళ్ళున్నాయా మనకు!" అంది. కోళ్ళు గూటికి చేరే వేళకు ఆమె ఎప్పుడూ పెరట్లో లేదు మరి.

ఇది లక్షల్లో ఒకరికి వచ్చే జబ్బు అంటారు. పది లక్షల మందికి ఒకరని, అంతకన్నా తక్కువనీ లెక్క. ఇరవై లక్షలు దాటిన మన జిల్లా కోటా మా ఇల్లే నింపేసిందని మా అల్లుడు హాస్యమాడతాడు. కానీ ఆ లెక్కలో ఉన్నది పేరు పెట్టబడిన వాళ్ళే. మా చెల్లెలు అరవై ఏళ్ళు పోలియో లెక్కలో ఉంది, మా మనవరాలు రెండేళ్ళు సెరిబ్రల్ పాల్సీ లెక్కలో ఉంది. ఇంకెవరు ఏ లెక్కలో ఉన్నారో?

ఒక చిన్న పక్కదారి. ఈ మందులోని లీవోడోపా మన కంచెల మీద పాకే దూలగొండి గింజల్లో ఉంది. 1937లో మద్రాసు చేపాక్‌లోని విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు ఆ గింజల నుంచి దాన్ని వేరు చేసి చూపారు. మన నెల్లూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. పంతులుగారి కుర్చీలో దూలగొండి నూగు చల్లి వీపు చీరించుకున్న బ్యాచ్ మాది. ఆ తీగలోనే మా చెల్లెలి మందు ఉందని ఎవరికి తెలుసు! అయితే ఇది చదివి ఎవరూ గింజలు దంచి పిల్లలకు పోయవద్దు. ఎంత మోతాదు పడుతుందో తెలియని పని అది. మాత్ర కూడా డాక్టరు రాసిస్తేనే, వాళ్ళు చెప్పినంతే. పాదం మెలిపడిన ప్రతి బిడ్డకూ ఇదే జబ్బు అని నేను అనడం లేదు. చాలామందికి కాదు. సెరిబ్రల్ పాల్సీ నిజంగా ఉన్న పిల్లలకు వ్యాయామాలు, కాళ్ళకు ఊతమిచ్చే కాలిపర్లు, మంచి బడి కావాలి, మాత్రతో పోదు. ఫోటోలోని ఆ పాపదీ అదే కావచ్చు.

కానీ ఒక్కరైనా అడిగారా? నా బాధ అదే. పదహారు కోట్ల ఇంజక్షను కావలసిన పసివాళ్ళ గురించి మీ పత్రికలో చదువుతాం, చందాలు పోగవుతాయి. మంచిదే, నేనూ ఒకసారి అయిదు వందలు పంపాను. మా పాప మందుకు నెలకు రెండు వందలు దాటదు. ప్రభుత్వపు అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉన్న మాత్రే అది. చవక జబ్బు గనుక వార్త కాలేదు, వార్త కాలేదు గనుక ఎవరికీ తెలియదు.

2013 నుంచి బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు బడులకు, అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను చూస్తున్నాయి. చాలా మంచి పని. వాళ్ళ కాగితంలో ఒక్క గడి పెంచమని నా మనవి: పొద్దుటికీ సాయంత్రానికీ నడకలో తేడా ఉందా? నిద్రపోయి లేస్తే తగ్గుతుందా? దీనికి యంత్రం అక్కర్లేదు, తల్లినో టీచరునో అడిగితే చాలు. తేడా ఉందంటే, సర్టిఫికెట్ మీద పేరు రాసేముందు పిల్లల నరాల డాక్టరు దగ్గరికి పంపాలి. ఈ మాత్ర కొద్ది రోజులు తక్కువ మోతాదులో ఇచ్చి చూడటమే ఒక పరీక్ష అని చెన్నైలో చెప్పారు. శిబిరాల్లో తల్లి ఫోనులో తీసిన సాయంత్రపు వీడియోను కూడా చూడాలి. 2025లో దివ్యాంగుల పింఛన్ల పునఃపరిశీలన జరిగింది. అందులో పొద్దున్నే నడిచి వెళ్ళి దొంగలుగా బయటికి వచ్చినవారిలో ఇలాంటివాళ్ళు ఒక్కరైనా ఉండి ఉంటే, వాళ్ళు ఏ సాక్ష్యం చూపించగలరు?

పింఛను మాట వచ్చింది కనుక దాచకుండా చెబుతాను. పాపకు వచ్చే పింఛను 2024 ఏప్రిల్ నుంచి వద్దని మేమే రాసిచ్చాం. చెల్లెలి పాదాలు వంకరగానే ఉన్నాయి కనుక ఆమెది ఉంచుకున్నాం. పాపది వదులుకున్న మూడు నెలలకే పింఛను 6,000 రూపాయలైంది. రొయ్యల చెరువుల మీద కాపలా పని చేసే మా అల్లుడు ఆ నెలంతా నాతో ముభావంగా ఉన్నాడు. ఆ ఏడు రొట్టెల పండుగకు మాత్రం అందరం కలిసే నెల్లూరు వెళ్ళాం. అంతకు ముందు ఏడు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె పుచ్చుకున్నాం, కోరిక తీరింది కనుక ఇప్పుడు ఇచ్చే వంతు మాది. దర్గా మహిమా మాత్ర మహిమా అని మా రైల్వే మిత్రుడొకడు వాదనకు దిగాడు. రెండింటికీ రైలు టికెట్టు నేనే కొన్నాను, నాకు తగవు లేదు. సాయంత్రం ఆరు దాటాక పాప మోకాలి లోతు నీళ్ళలో నిలబడి రొట్టె అందించింది. పుచ్చుకున్నది ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ. మోకాళ్ళ నొప్పులట.

మీ ఫోటోగ్రాఫరుకు ఆ ఎడమ పాదం మెలిపడిన పాప ఏ ఊరి పిల్లో గుర్తుండవచ్చు, లేదా నిర్వాహకుల దగ్గర పేర్లుంటాయి. వాళ్ళ వివరాలు నాకు పంపవద్దు, అది సరి కాదు. ఈ ఉత్తరంతో ఒక కాగితం జత చేశాను. నా నోటు పుస్తకం నుంచి చించిన ఖాళీ పేజీ. సమయం, నడక, పాదం, నిద్ర అని నాలుగు గడులు గీసి, ఏడు రోజులకు సరిపడా వరసలు కొట్టాను. లేచిన వేళ, బడికి వెళ్ళే వేళ, మధ్యాహ్నం, సాయంత్రం, నడుమ నిద్రపోతే లేచిన తర్వాత. రాయడం రాకపోతే బడిలో టీచరు రాసిపెడతారు. దాన్ని ఆ తల్లికి చేరవేయగలరని ప్రార్థన.

ఇట్లు,
ఒక రిటైర్డ్ గేట్‌మన్,
బిట్రగుంట, నెల్లూరు జిల్లా.

(నా పేరు అచ్చు వేయవద్దని మనవి. పాప అయిదో తరగతి చదువుతోంది. బడిలో ఇప్పుడు అందరూ దాన్ని మామూలు పిల్లలాగే తిడుతున్నారు, అలాగే ఉండనివ్వండి.)